ఎలుగుబంటి తినేదాకా

నా పెళ్ళయి పదమూడేళ్ళు. ఈ పదమూడేళ్ళలో మా ఇంట్లోవాళ్ళం అందరం ఒకేసారి కూర్చుని తిన్న పూట ఒక్కటి కూడా లేదు. కోయంబత్తూరు గాంధీపురంలో మాకు చీరల కొట్టు ఉంది. కొట్లో ఎవరో ఒకరు కూర్చోవాలి కనుక బావగారు పన్నెండుకు వచ్చి తిని వెళ్తారు, ఆయన చేరాక మా ఆయన బయలుదేరతాడు. మా తోటికోడలిని నేను అక్క అంటాను. అక్కకు ఆకలి ఎప్పుడు వేస్తే అప్పుడే భోజనం. మా పాపకు ఆరేళ్ళు, బడినుంచి వచ్చేసరికి నాలుగు దాటుతుంది. నేను వీళ్ళందరి మధ్యలో, వంటగట్టు దగ్గర నిలబడి, ఏదో ఒక వేళకు నాలుగు ముద్దలు. మా అత్త అందరికంటే చివర.

అత్త చివర తినడం గురించి కొంచెం చెప్పాలి. ఆమెకు డెబ్బై ఏళ్ళు. మదురైలో పుట్టి, పద్దెనిమిదో ఏట కోయంబత్తూరు కోడలిగా వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ తిన్నాకగానీ ఆమె పళ్ళెం ముందు కూర్చోదు. అందరూ అంటే మేము మాత్రమే అనుకుంటే పొరపాటు. గ్యాసు సిలిండరు తెచ్చినతను, పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే, ఆ సమయానికి మా గడప లోపల ఉంటే వాళ్ళు తినాలి. ఒకసారి నీళ్ళ మోటారు బాగుచేయడానికి వచ్చినతను మూడున్నరదాకా మోటారు విప్పి కూర్చున్నాడు. ఇంటి దగ్గర తిని వచ్చానని ఎంత చెప్పినా అత్త నమ్మలేదు. అతను చేతులు కడుక్కుని రెండు దోసెలు తినేదాకా ఆమె కూడా తినలేదు. ఆమెకు పదిహేనేళ్ళుగా షుగరు. మాత్ర వేసుకున్న అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడాలని డాక్టరు నాకు చెప్పింది, ఆమెకూ చెప్పింది. ఆమె ఆ మాటకు తల ఊపుతుంది, మాత్ర వేళకే వేసుకుంటుంది. తిండి మాత్రం తన లెక్కనే.

ఏటా ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, తగ్గింపు అమ్మకాలు అయిపోయిన మర్నాడు కొట్టు మూస్తాం. ఏడాదికి మాకు నిజంగా సెలవు అనిపించేది ఆ ఒక్క రోజే. ఈసారి ఎక్కడికైనా పోదామని అందరూ అన్నారు. ఎక్కడికో వెతికే పని మాత్రం నా నెత్తినే పడింది. ఊరికి గంటన్నర దూరంలో, కొండల అడుగున, ఆటల పార్కు ఒకటి ఉంది, లోపలే రిసార్టు. ఫోనులో చూస్తుంటే వాళ్ళ హోటల్లో పొద్దున పలహారం గురించి రాసి ఉంది. కుటుంబం మొత్తం ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు, ఎలుగుబంటి, కుందేలు, చిలుక వేషాలు వేసినవాళ్ళు బల్ల దగ్గరికే వచ్చి పిల్లలతో ఆడతారు, పలహారం కూడా బల్ల దగ్గరికే తెచ్చి వడ్డిస్తారు. గంటన్నరసేపు ఎవరూ లేవక్కర్లేదు.

పాప కోసం అని అందరికీ చెప్పాను. నిజానికి ఆ చివరి మాట కోసం. ఫోను చేసి రెండుసార్లు అడిగాను, మేమే పోయి తెచ్చుకునే పద్ధతి కాదు కదా అని. కాదన్నారు. ఎవరూ వడ్డించక్కర్లేదు, ఎవరూ కొట్టుకు పరుగెత్తక్కర్లేదు, అత్త కూడా మాతోపాటు కూర్చుని వేడిగా ఏదైనా తింటుంది. ఒక్క పూట. అంతకంటే నేను కోరింది లేదు.

ముందురోజు అమ్మకాలు ముగించి, రాత్రికే చేరుకున్నాం. మర్నాడు మాకిచ్చిన సమయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. ఆరుగురిని ఎనిమిదికల్లా హోటలుకు చేర్చడం ఎంత పనో అప్పటిదాకా నాకు తెలియదు. బావగారికి స్నానం కాగానే పూజ కావాలి. రిసార్టు గదిలో తూర్పు ఎటో తెలియక ఆయన వరండాలోకి వెళ్ళి సూర్యుణ్ణి చూసి వచ్చారు. అక్క ఫోటోలో బాగుండదని ఒకసారి కట్టిన చీర విప్పి ఇంకొకటి కట్టుకుంది. మా ఆయన ఫోను చార్జరు వెతుకుతూ ఉన్నాడు. అత్త ఒక్కతే అయిదింటికే తయారై, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, మంచం అంచున కూర్చుని అందరినీ చూస్తూ ఉంది. ఏడూ ముప్పావుకు మాత్ర వేసుకుంది. ఎనిమిదికి తింటాం కదా అని నేనే ఇచ్చాను.

హోటలు లోపల గోడలకంతా అడవి బొమ్మ వేశారు. పైనుంచి ప్లాస్టిక్ తీగలు వేలాడుతున్నాయి, వాటి ఆకుల మీద దుమ్ము. స్పీకర్లలో పక్షుల కూతలు. మా బల్ల గుండ్రంగా ఉంది, చుట్టూ సరిగ్గా ఆరు కుర్చీలు. ఆరుగురం కూర్చున్నాం. నేను ఒక్కొక్కరి మొహం చూశాను. గ్లాసెడు నీళ్ళు తాగేంతసేపు అందరం అలాగే ఉన్నాం.

తర్వాత బావగారు చేతులు కడుక్కోవాలని లేచారు. మా ఆయన ఫోను మోగింది. కొట్టు మూసి ఉందిగానీ సూరత్ నుంచి చీరల మూటలు లారీ ఆఫీసుకు వచ్చి పడ్డాయట. ఎవరు తీసుకోవాలి, ఎక్కడ దించాలి అని వాళ్ళు అడుగుతున్నారు.

"రెండు నిమిషం దా" అని కిటికీ దగ్గరికి పోయాడు. మా కోయంబత్తూరు తెలుగులో "దా" అంటే రమ్మని కాదు, "రెండు నిమిషాలే" అని.

అక్క తన మొహం మీద వెలుతురు పడలేదని పాపను లేపి ఆ కుర్చీలోకి మారింది. పాప అవ్వ పక్కనే కూర్చుంటానని మారాం చేసింది. నడివయసు సర్వరు ఒకాయన పొంగలి, ఇడ్లీ, వడ తెచ్చాడు. పాపకు ఎలుగుబంటి మొహంలాగా పోసిన పాన్ కేకు. ఆయన పళ్ళేలు బల్ల మీద పెట్టేలోపే అత్త లేచి నిలబడి పొంగలి గిన్నె ఆయన చేతిలోంచి తీసుకుంది.

"పాట్టీ, మేము వడ్డిస్తాం, మీరు కూర్చోండి" అని ఆయన తమిళంలో అన్నాడు. పాట్టీ అంటే అవ్వ.

"పరవాల్లేదు, ఇంకో బల్ల చూడుపో" అని అత్త అక్కకు పొంగలి పెట్టింది, నాకు పెట్టింది, ఖాళీగా ఉన్న రెండు పళ్ళేల్లోనూ పెట్టింది. తన పళ్ళెంలో పెట్టుకోలేదు.

"అత్తా, ఈడ వడ్డించేదానికి మనుషులు ఉండారు. అందుకే దా ఈ చోటు చూసింది. కూర్చోండి."

"అందరూ తినండి. నేను తింటాను పో."

"మాత్ర వేసుకున్నారు."

"తెలుసు అమ్మిణీ."

కూర్చుంది. నిజంగానే కూర్చుంది. ఒక ఇడ్లీ పెట్టుకుంది కూడా. చట్నీ వేశాను. ఇడ్లీ తుంచుతుండగా ఎలుగుబంటి వచ్చింది.

గోధుమరంగు బొచ్చు, గుండ్రటి పొట్ట, మెడలో ఎర్రటి బో. తల మనిషి తలకు మూడింతలు ఉంది. లోపలున్న మనిషికి పక్కలు కనిపించవు కాబోలు, చేయి పట్టుకుని నడిపిస్తూ ఒకామె వెంట ఉంది. ఆ పనికి వాళ్ళు ఆమెకు పచ్చ చొక్కా, టోపీ ఇచ్చారు. పాప భయపడుతుందేమోనని నేను చేయి చాచాను. పాప అప్పటికే కుర్చీ దిగి ఎలుగుబంటి పొట్టను కావలించుకుంది. అక్క తనూ పడేట్టు ఫోనుతో ఫోటోలు తీసింది. ఎలుగుబంటి బావగారి ఖాళీ కుర్చీలో కూర్చుని, పాప పాన్ కేకును చూసి, అది తన మొహమే అన్నట్టు రెండు చేతులతో మొహం కప్పుకుంది. పాప పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్క నిమిషం పాటు అన్నీ నేను అనుకున్నట్టే ఉన్నాయి.

అత్త ఒక వడ తీసి ఎలుగుబంటి ముందు పెట్టింది. ఎలుగుబంటి తల అడ్డంగా ఊపి, పొట్ట మీద చేయి తిప్పి, నిండిపోయింది అన్నట్టు చూపించింది.

"కరడి అప్పుడే తేనె తాగేసింది పాట్టీ" అంది పచ్చచొక్కా ఆమె, ఎలుగుబంటిని చూపిస్తూ.

"అది పిల్లకు చెప్పు. నాకు నిజం చెప్పు. తినిందా?"

ఆమె ఒకసారి పాపవైపు చూసి, అత్త దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. పాప ఎలుగుబంటి బో సర్దడంలో మునిగి ఉంది. "పొద్దున ఆరుకు వచ్చారు పాట్టీ. ఇంకో గుంపు కూడా ఉంది, అది ముగిశాక పదకొండుకు తింటారు. నిండు కడుపుతో ఆ ఉడుపు వేసుకుంటే వాంతి వస్తుంది. మాకు అలవాటే."

ఎలుగుబంటి లేచి మా అందరికీ చేయి ఊపి పక్క బల్లకు పోయింది. అత్త తుంచిన ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేసింది. చేయి తుడుచుకుంది.

నాకు అర్థమైపోయింది. మోటారు మనిషి, గ్యాసు మనిషి, ఇప్పుడు ఎలుగుబంటి.

"అత్తా, తినండి."

"తింటాను లే."

"అది వాళ్ళ పని. రోజూ చేసేదే. ఎలుగుబంటి మన ఇంటికి వచ్చిన చుట్టం కాదు."

"మన బల్ల దగ్గరకు వచ్చింది. మన కుర్చీలో కూర్చుంది. ఆకలితో లేచిపోయింది. నాకు ఇడ్లీ ఎట్ల దిగుతాది?"

"లోపల ఎవరుండారో కూడా మనకు తెలీదు."

"మనిషి ఉండారు కదా. అది తెలుసు కదా."

ఎనిమిదిన్నర దాటింది. అక్క వైపు చూశాను, అత్తకు ఏమైనా చెప్పమని. అక్క పొంగలిలోంచి మిరియాలు ఏరి పక్కన పెడుతోంది.

"ఆమె ఎవురి మాట వినింది? నువ్వు తిను" అంది.

నేనూ తినలేదు. నాకు ఆకలి చచ్చింది. లేచి మేనేజరును వెతుక్కుంటూ పోయాను. నా వయసే ఉంటుంది ఆవిడకు, నల్ల కోటు, చెవిలో వైరు. ఎలుగుబంటి వేషంలో ఉన్న మనిషి అయిదు నిమిషాలు లోపలికి వెళ్ళి ఏదైనా తినడానికి కుదురుతుందా అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, ఫిర్యాదు అనుకుంది మొదట. మళ్ళీ చెప్పాను. అత్త గురించి చెప్పాను, షుగరు గురించి చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గు వేసింది. పిల్లల ముందు ఎవరూ తల తీయకూడదని, మధ్యలో పది నిమిషాలు చెమట తుడుచుకోవడానికి పంపిస్తామని, తిండి మాత్రం అన్నీ ముగిశాకేనని ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. పెద్దావిడకు పళ్ళరసం పంపమంటారా అని కూడా అడిగింది. పంపమన్నాను.

తిరిగి వచ్చేసరికి అత్త కుర్చీ ఖాళీ. పాప కుర్చీ ఖాళీ. అక్క ఫోటోలు ముద్రించే కౌంటరు దగ్గర ఉంది. మా ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. బావగారు ఒక్కరే ఆరుకుర్చీల బల్ల ముందు వడ తింటూ ఉన్నారు.

"అత్త యాడ?"

"ఈడనే ఉండారే ఇందాక" అని చుట్టూ చూశారు, ఆమె ప్లాస్టిక్ తీగల్లో వేలాడుతూ ఉంటుందన్నట్టు. "పళ్ళెం ఎత్తుకొని పోయినారు. ఇంకో బల్లకు వడ్డించేదానికేమో."

ఆడవాళ్ళ బాత్‌రూము చూశాను. చేతులు కడిగే చోట చూశాను. పిల్లలు ఆడుకోవడానికి కట్టిన గుహలోకి వంగి చూశాను. మాత్ర వేసుకుని గంట దాటింది. ఎక్కడైనా కళ్ళు తిరిగి పడిందేమోనని భయం. అంతకంటే ఎక్కువగా కోపం. గోడమీది చెట్టు బొమ్మ మధ్యలో ఒక తలుపు కనిపించింది. పనివాళ్ళకు మాత్రమే అని ఇంగ్లీషులో రాసి ఉంది. అత్తకు తమిళం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. వచ్చినా ఆగేది కాదనుకోండి.

తలుపు అవతల సన్నటి వసారా. ఏసీ మిషన్ల వేడిగాలి అంతా అక్కడే కొడుతోంది. గోడవారన నూనె డబ్బాలు. ప్లాస్టిక్ కుర్చీలో మెడదాకా ఎలుగుబంటి ఉంది, మెడపైన మనిషి. నలభై దాటిన ఆడమనిషి. జుట్టు నుదుటికి అతుక్కుపోయి, మెడ చుట్టూ తడి తువ్వాలు. ఎలుగుబంటి పంజాలు విప్పి మణికట్ల దగ్గర వేలాడేసుకుని ఆత్రంగా పొంగలి తింటోంది. ఎదురుగా బోర్లించిన కూరగాయల పెట్టె మీద మా అత్త, గరిటెతో సహా. కింద నేలమీద ఎలుగుబంటి తల, దానిలోకి మోచేతిదాకా చేయి దూర్చి మా పాప. పచ్చచొక్కా ఆమె తలుపువైపు చూస్తూ నిలబడి ఉంది, ఆమె మొహంలో నెత్తురు లేదు.

నన్ను చూడగానే కుర్చీలో ఉన్నామె గబుక్కున లేచింది.

"కూర్చో కూర్చో, ఇది మా కోడలు దా" అంది అత్త. నావైపు తిరిగి, "మేలూరంట అమ్మిణీ. మా మదురైకి పక్కనే. మాట వినంగానే కనిపెట్టినాను. మొగుడికి రాళ్ళు పాలిష్ పెట్టే పని, ఊపిరితిత్తులు చెడిపోయి ఇంట్లో ఉండాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇంకొంచెం వెయ్యనా?" ఆ చివరి మాట ఆమెతో.

"చాలమ్మా, చాలు" అంది ఆమె తమిళంలో, నన్ను చూస్తూనే. రెండు గుటకల్లో మిగిలింది మింగేసింది. పొద్దున ఆరునుంచి ఏమీ లేని మనిషి ఎలా తింటుందో అలాగే తింది. అది నేను కాదనలేను.

"అత్తా, వాంతి వస్తాదని దా వాళ్ళు తినేది లేదు. చెప్పినారు కదా మీకు."

"నాలుగు ముద్దలకు ఏం వాంతి? ఇదో, తినేసింది. ఇంక నేను తింటాను" అని, నేను ఏమీ అనకముందే పళ్ళెం అంచున మిగిలిన వడ తీసుకుని, అక్కడే, ఆ వేడిలో, కూరగాయల పెట్టె మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. గంటన్నర దూరం తీసుకొచ్చి, ఆరు కుర్చీల బల్ల చూసి నేను కూర్చోబెట్టినామె.

మేనేజరు వెనకనుంచి వచ్చింది. పళ్ళరసం గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది, పాపం, అత్త కోసం వెతుకుతూ వచ్చినట్టుంది. ఆవిడ మొదట అత్తను చూసింది, తర్వాత పాపను, తర్వాత నేలమీది తలను. గొంతు పెంచలేదు. మేలూరు ఆమెతో తమిళంలో చాలా మెల్లగా అంది, చిన్నపిల్ల ముందు తల తీశావు, బయటివాళ్ళను లోపలికి రానిచ్చావు, ఇప్పుడు నేను పైవాళ్ళకు ఏమని రాయాలి అని. ఆమె తల వంచుకుని నిలబడింది. పెదవి పక్కన అన్నం మెతుకు ఉంది.

"ఆమె పిలవలేదండీ" అన్నాను. "మా అత్తకు బాత్‌రూము అవసరమైతే నేనే ఇటు పంపాను. నా తప్పు."

అది అబద్ధమని ఆవిడకు తెలుసు. బాత్‌రూముకు ఎవరూ పొంగలి పళ్ళెం తీసుకుపోరు. అయినా "అదే మీరు రాసివ్వండి మేడం" అంది. పుస్తకం తెప్పించింది. నేను ఇంగ్లీషులో రాశాను, పొరపాటున వచ్చామని, వేషంలో ఉన్నామె తప్పేమీ లేదని, క్షమించమని. భయంతో కాదు, అచ్చంగా విసుగుతో రాశాను. ఆడి అమ్మకాల్లో నెల రోజులు రోజుకు వందమందికి చీరలు విప్పి చూపించి మడతలు పెట్టిన చేయి నాది. ఒక్క పూట బల్ల మీద పెట్టుకుని తిందామనుకుంటే క్షమాపణ పత్రం రాస్తోంది.

మేనేజరు పుస్తకం తీసుకుని వెళ్ళాక మేలూరు ఆమె తల పెట్టుకోబోతూ ఆగి నన్ను పిలిచింది.

"అమ్మా, మీ అత్తగారు మంచి మనసున్నవారు. కోపం తెచ్చుకోకండి. ఇట్లా ఇంకోసారి లోపలికి రావద్దని ఆమెకు చెప్పండి. నాకు ఈ పని కావాలి" అంది.

ఆ మాటలో కోపం లేదు. తల పెట్టుకుంది, పంజాలు తొడుక్కుంది. పచ్చచొక్కా ఆమె చేయి పట్టుకుని తలుపు తీయగానే అటువైపు పిల్లలు అరిచారు. ఎలుగుబంటి రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదీ పది. పాప ఏడుస్తుందేమో, ఎలుగుబంటి మనిషని తెలిసిపోయిందే అని అంతసేపూ భయపడ్డాను. ఆమె చల్లారిన పాన్ కేకు తింటూ, "ఆ ఆంటీకి లోపల ఫ్యాన్ లేదమ్మా. తలలో మాత్రం చిన్న ఓట్టై ఉండాది, ఆడ నుంచి చూస్తాది" అంది. ఓట్టై అంటే కన్నం. ఎవరికీ చెప్పకూడదని చెప్పాను. స్కూల్లో కూడానా అంది. స్కూల్లో కూడా అన్నాను. రెండు రోజులకల్లా ఆమె క్లాసు మొత్తానికీ చెప్పేసిందనుకోండి. రిసార్టుకు టిక్కెట్లు కొనుక్కున్న తల్లులిద్దరు, మీ పాప వల్ల మా పిల్లలు ఏడుస్తున్నారు అని నాకు మెసేజీలు పెట్టారు. ఆ క్షమాపణలూ నేనే రాశాను.

అక్క, బావగారు తినడం ముగించారు. మా ఆయన ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, "ఏమి, నువ్వు ఇంకా తినలా?" అన్నాడు. సర్వరు నాకు వేడిగా ఇంకో పొంగలి తెచ్చాడు. అత్త నా పక్కన నిలబడి నెయ్యి గిన్నె పట్టుకుంది.

"నువ్వు దా మిగిలినావు. తిను."

అప్పుడు నాకు గొంతు లేచింది. "అత్తా, కూర్చోండి. మీరు నిలబడితే నేను తినను. ఈ రోజంతా తినను. మీరు కూర్చోండి."

పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. బావగారు కూడా, లేవబోతున్నవారు, మళ్ళీ కూర్చున్నారు. మా ఆయన కూర్చున్నాడు. అత్త నెయ్యి గిన్నె దించి కూర్చుంది. ఆరుగురం ఆ బల్ల చుట్టూ ఉన్నాం, తింటున్నది నేనొక్కదాన్ని. నమిలే చప్పుడు నాకే వినిపిస్తోంది. ఇదా నేను పదమూడేళ్ళుగా కోరుకున్నది అనిపించింది.

మేలూరు ఆమె అన్న మాట అత్తకు చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, ఆపుకోలేకపోయాను. అత్త మొహం వాడిపోయింది.

"పని పోతాదా?" అంది.

"తెలీదు. మీరు లోపలికి పోకుంటే ఈ మాటే వచ్చేది కాదు."

"నాకు తెలీక పోయినాను. ఆకలి మాత్రం కనిపించింది." కాసేపు చేతిసంచి జిప్పు తీస్తూ మూస్తూ కూర్చుంది. తర్వాత లేచింది. ఎక్కడికి అని అడిగేలోపే మేనేజరు ముందు నిలబడి ఉంది. నేను పొంగలి వదిలేసి వెనకే పరుగెత్తాను.

అత్త కొట్లో నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి. పట్టుచీర రంగు పోయిందని వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో, తమిళంలో, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తప్పు తనదేనని, కోడలు రాసింది అబద్ధమని, ఆమెను తనే బలవంతంగా కూర్చోబెట్టి తినిపించానని, ఆమె వద్దు వద్దు అంటూనే ఉందని, ఈ మాట ఎక్కడికి కావాలన్నా వచ్చి చెబుతానని. నేను రాసిందంతా అబద్ధమైపోయింది. మేనేజరు నావైపు చూసింది, నేను నేలవైపు చూశాను. చివరికి ఆవిడ, "సరే పాట్టీ, ఈసారికి పైకి రాయను. మీరు పోయి విశ్రాంతి తీసుకోండి" అంది.

అత్త కదలలేదు. "అది సరి. నువ్వు తినినావా?" అంది.

ఆవిడ తినలేదట. అత్త ఇక కదిలేది లేదన్నట్టు, పక్కనున్న కుర్చీ తనవైపు లాక్కుంది. నేను ఆమె మోచేయి పట్టుకున్నాను. పెళ్ళయినప్పటినుంచి ఆమె చేయి పట్టుకుని లాగింది అదే మొదలు. వ్యాను ఎక్కేదాకా వదల్లేదు.

దారి పొడుగునా ఎవరితోనూ మాట్లాడలేదు నేను. అక్క ముద్రించిన ఫోటోలు చూపించింది. అన్నిట్లోనూ ఎలుగుబంటి, పాప, అక్క. ఒకదాంట్లో మాత్రం అంచున అత్త చేయి, చేతిలో వడ. అత్త ఆ ఫోటో అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది.

మూడు వారాలపాటు నాకు మేలూరు ఆమె అన్న మాట లోపల తొలుస్తూనే ఉంది. మేనేజరు మంచిదే, పైవాళ్ళకు తెలిసిందో లేదో. చివరికి ఒక మధ్యాహ్నం రిసార్టుకు ఫోను చేశాను. ఉద్యోగుల విషయాలు చెప్పము అన్నారు. రెండోసారి చేసినా అదే అన్నారు. మూడోసారి మేనేజరునే అడిగి పిలిపించుకున్నాను. గుర్తుపట్టింది, ఎలా మరిచిపోతుంది. మేలూరు ఆమె పనిలోనే ఉందని, ఎలుగుబంటి ఉడుపు బరువు ఎక్కువని ఆమెను చిలుక వేషానికి మార్చామని చెప్పింది. "మీ అత్తగారు బాగున్నారా?" అంది. బాగున్నారన్నాను. ఫోను పెట్టేశాక, నిజంగానే చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైనట్టయింది.

అత్త హాల్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. పోయి చెప్పాను. పని పోలేదు, చిలుక వేషం ఇచ్చారట, అది తేలికట అని.

అత్త చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని విని, "మంచిది. ఇప్పుడు ఎన్ని గంటలకు తింటాదంట?" అంది.

"అది అడగలేదత్తా."

"మూడు తూరి ఫోను చేసినావు" అంది. "అది దా ముందు అడగాల."

నేను వంటింట్లోకి వచ్చేశాను. రెండున్నర. బావగారు తినివెళ్ళి చాలాసేపయింది, మా ఆయన ఇంకా రాలేదు. అత్త తినలేదు.